అడిగి నడిపే ముక్క

రాత్రి రెండుంపావుకు కోల్డ్ స్టోరేజీ మూడో గది తలుపు మూసుకుంది. లోపల ఎవరూ లేరు. అక్కడ పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ అప్పుడే స్క్రూడ్రైవర్ కోసం బయటికి వచ్చాడు. మేడ మీద కంప్యూటరు గదిలో ఉన్న అక్కకు ఫోన్ చేశాడు.

"ఏంటక్కా, నన్ను లోపలేసి పీడ వదిలించుకుందామనా?"

"నేను చెయ్యి పెట్టలేదురా బాబూ. ఉండు, చూస్తా."

తలుపుల ప్రోగ్రాము రాసింది ఆమే. మామూలు టెక్స్టు ఫైలు. వివరణ మధ్యలో కోడు ముక్కలు. ప్రతి ముక్క నెత్తిన ఒక సెట్టింగు వరుస ఉంటుంది. ముక్క నడిస్తే ఫలితం దాని కిందే పడుతుంది. తలుపు చాలాసేపు తెరిచి ఉంటే 'మూయి' ముక్క తనంతట తానే నడిచేది. అది ప్రమాదమని సాయంత్రం అన్ని ముక్కలకూ 'అడిగి నడపాలి' అని పెట్టింది.

'మూయి' కింద కొత్త ఫలితం ఉంది. ఫోన్లో చదివి వినిపించింది: "అడిగాను. సరేనన్నారు. మూశాను."

"ఎవర్నడిగిందట?" అన్నాడు తమ్ముడు.

ఆమె సెట్టింగు వరుస మళ్లీ చదివి నాలుక కరుచుకుంది. ప్రశ్న తన కంప్యూటరుకు రావాలి. పొరపాటున గది లోపలున్న 'సరే', 'వద్దు' బటన్ల పెట్టెకు వెళ్లేలా పెట్టింది. ఆ మాటే తమ్ముడికి చెప్పింది.

"లోపల నొక్కడానికి ఎవరున్నారక్కా?"

"ఎలకేమో."

"చదువుకున్న ఎలకా?"

తెల్లారితే మందుల లారీ వస్తుంది. తలుపు తెరుచుకోకపోతే ఆమె ఉద్యోగానికి నీళ్లొదులుకోవాల్సిందే. వరుస సరిచెయ్యడం ఎంతసేపు? కానీ ఆ జవాబేమిటో చూడాలనిపించింది. వరుసను అలాగే ఉంచి 'తెరువు' ముక్కను నడిపింది.

తమ్ముడు తలుపుకు చెవి ఆనించాడు. లోపల బటన్ టక్కుమన్నదని చెప్పాడు.

ముక్క కింద ఫలితం పడింది: "అడిగాను. వద్దన్నారు."