రాజుగారి కోటు

"చేర్చను. మీరు ఇంకో ఏడాది తిరిగినా నా మాట ఇదే డింప్నక్కా" అన్నాడు కోల్మన్ గెరటీ, టీ కప్పు బల్ల మీద పెడుతూ.

"ఇంకో పదేళ్లయినా తిరుగుతాను. నా కాళ్లకేం రోగం లేదు" అంది డింప్నా మోంగన్.

నలభయ్యేళ్లు ఐర్లండులోని ఆ గాల్వే తీరంలో సైకిలు మీద ఉత్తరాలు పంచిన మనిషి ఆవిడ. ఊరు విడిచివెళ్లి తిరిగిరానివాళ్ల పేర్లతో చర్చి ముందు రాయి నిలబెడుతున్నారు. సముద్రం మింగినవాళ్లున్నారు, లండన్‌లో సొరంగాలు తవ్వుతూ పోయినవాళ్లున్నారు, ఇంగ్లండు రాజు మీద తిరగబడి పోయినవాళ్లున్నారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ రాజు తరఫున ఫ్రాన్సులో పోయిన ఆవిడ పెదనాన్న ఫెస్టస్ మాత్రం లేడు. పేర్ల జాబితా కోల్మన్ చేతిలో ఉంది, చెక్కేవాడు శుక్రవారం వస్తాడు.

"ఆయన ఈ ఊరివాడు కాదా?"

"అయితే మాత్రం? పంతొమ్మిదేళ్ల మగాడు, ఎవరి కోటు తొడుగుతున్నాడో తెలీదా? ఆ వయసులో మా తాత అదే రాజు మీద తుపాకీ పట్టాడు."

ఈ మాట ఆవిడకి కొత్త కాదు. చిన్నప్పుడు బళ్లో ఆవిడ పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. నానమ్మ సైన్యం కోటులో ఉన్న ఆయన ఫొటోని మంచం కింద దాచి, ఆ పేరెత్తకుండానే చచ్చిపోయింది. నాన్నా అంతే. డెబ్బై మూడేళ్లుగా మింగిన అవమానం ఇక మింగుడుపడటం లేదు ఆవిడకి.

సంచిలోంచి ఆ ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. ఆ పక్కనే పదకొండు నెలలు రాసి రాసి తెప్పించుకున్న సైన్యం కాగితాలు పెట్టింది.

కోల్మన్ ఫొటో చూసి నవ్వాడు. "కోటు చేతులు వేళ్లదాకా వేలాడుతున్నాయి. రాజుగారి దర్జీకి కొలతలు తీసే తీరిక లేదేమో."

కాగితాలు తిరగేసి మళ్లీ నవ్వాడు. "చేరినప్పుడు అయిదడుగుల ఒక అంగుళం. ఏడాదికి ఆస్పత్రిలో కొలిస్తే అయిదడుగుల నాలుగు. రాజుగారి తిండి బాగా ఒంటబట్టింది."

"నవ్వింది చాలు. ఇదిగో, పందొమ్మిదివందల పదిహేను సెప్టెంబరులో చేరినప్పుడు ఆయన ఇచ్చిన జ్ఞానస్నానం కాగితం. మన చర్చి ముద్రే. పద్దెనిమిదివందల తొంభై ఆరు జనవరిలో పుట్టాడు. అట్రాక్టా, ఆ పుస్తకం తియ్యమ్మా."

చర్చి పుస్తకాలు చూసుకునే అట్రాక్టా అట్టలూడిన పుస్తకం తెచ్చి విప్పింది. "ఉంది పిన్నీ. ఫెస్టస్ మోంగన్. తండ్రి పేరు, తల్లి పేరు సరిపోయాయి."

డింప్నా గుండె తేలికపడింది. కానీ కోల్మన్ కళ్లజోడు సర్దుకుని పేజీ మీదకి వంగాడు.

"పేరు పక్కన సిలువ గుర్తు, పోయిన తేదీ ఉన్నాయి చూశారా? ఆరు నెలలకే పోయాడీ పసివాడు." కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ సైనికుడెవడో చచ్చిన బిడ్డ పేరు దొంగిలించాడక్కా. ఏ ఊరివాడో ఏమో. ఇంక ఇంటికెళ్లండి."

వాన కిటికీని కొడుతోంది. డింప్నా కాగితాలు సంచిలో పెట్టుకోబోయి ఆగింది.

"కోల్మన్, నీకా పేరెలా వచ్చింది?"

"అదేం ప్రశ్న? మా అన్నది. నెల పిల్లాడప్పుడు పోయాడు, తర్వాత నేను పుడితే అదే పేరు..." అని సగంలో ఆగిపోయాడు.

"మీ ఇంట్లో అయితే ఆనవాయితీ, మా ఇంట్లో అయితే దొంగతనమా? జరుగు." పుస్తకం తనవైపు లాక్కుంది. "నా పెదనాన్న ఈ ఊళ్లోనే పుట్టాడు. ఆయన పేరు ఈ పుస్తకంలో ఎక్కడున్నా పీకి నీ ముందు పెడతాను."

తొంభై ఏడు. తొంభై ఎనిమిది. మోంగన్ ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు. ఆవిడ వేలు ఒక్కో వరుస మీదుగా దిగుతోంది. అట్రాక్టా కూడా పక్కన చేరి చూస్తోంది.

"ఇదిగో పిన్నీ. మళ్లీ ఫెస్టస్. అదే తల్లి, అదే తండ్రి. సిలువ లేదు."

"చూశావా? ఈ ఊరివాడే" అంది డింప్నా తలెత్తి. "చెక్కించు."

కోల్మన్ పుస్తకంలోని తేదీ చూశాడు, పందొమ్మిదివందల ఒకటి జూన్. సైన్యం కాగితం మీద చేరిన తేదీ చూశాడు. వేళ్ల మీద ఒకసారి లెక్కపెట్టి, నమ్మలేక మళ్లీ పెట్టాడు. తర్వాత ఆ ఫొటోని రెండు చేతులతో అందుకుని, వేళ్లదాకా వేలాడుతున్న ఆ కోటు చేతులకేసి చూస్తూ ఉండిపోయాడు.

డింప్నా కూడా అప్పుడే లెక్కపెట్టుకుంది.

ఆ కోటు తొడిగేనాటికి వాడికి పద్నాలుగేళ్లు.