సారు లేని ఆఫీసు

“అక్కా, వచ్చినవాళ్ళు అడిగినదానికి మళ్ళీ మీరే చెప్పేశారు! మీ చెల్లెల్ని చెప్పనివ్వండి,” అన్నాడు కంపెనీ సారు.

పాత చక్రాల కుర్చీలు బాగుచేసి, నడవలేనివాళ్ళకి ఊరికే ఇచ్చే చిన్న సంస్థ అక్కది. మోకాలి ఆపరేషనుకి ఆమె నెల్లాళ్ళు మంచమెక్కితే అది మూతపడకుండా, పని అప్పగించడం నేర్పుదామని తన కంపెనీకి సెలవుపెట్టి వస్తున్నాడాయన.

ఆయన ఫోను మోగింది. పొద్దున్నించి పదకొండోసారి.

“నేను లేకపోతే మా ఆఫీసులో పుల్ల కూడా కదలదక్కా!”

అక్క ఫోను లాక్కుంది. “సారుకి కుదరదమ్మా. మీరే చూసుకోండి.”

“అలాగేనండీ, చూసుకుంటాం,” అంది అవతలి గొంతు హాయిగా.

సారు మొహం వాడిపోయింది. మళ్ళీ మోగుతుందేమోనని ఫోను వంకే చూస్తూ కూర్చున్నాడు. మోగలేదు.

అవతల ఎవరో బ్రేకు గురించి అడిగితే చెల్లెలు తడుముకుంటూ చెబుతోంది. అక్క నోరు మెదపలేదు.

“దిగులుపడకు నాయనా,” అంది మెల్లగా. “దానికి అప్పగించిన దగ్గర్నించీ నాకూ అన్నం సయించడంలేదు.”