మట్టి తీసిన సాలు

"ఎవరయ్యా నువ్వు? నా మొక్కలను ఏం చేస్తున్నవ్?"

పుష్పాబాయి నీళ్ల బిందె దించి పెరట్లోకి పరుగెత్తింది.

కోదాడ శివారు తండాలో ఆమె ఇంటి వెనక మడిలో, పిలవని పేరంటానికి వచ్చినట్టు ఒక పెద్దాయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. మొక్కల మొదళ్ల దగ్గర మట్టి గీకి పక్కకు తోస్తున్నాడు. అప్పటికే ఒక సాలు పూర్తయింది.

"మంచినీళ్ల కోసమని బస్సు దిగిన బిడ్డా. దుంపలు మట్టిల కూరుకపోయి కనబడితే..."

"కనబడితే గీకుతవా?"

ఆమె కోపం ఊరికే రాలేదు. అవి మామూలు మొక్కలు కావు, సెలరీ దుంపలు. ఆకు చూస్తే కొత్తిమీరకు పెద్దన్నలా ఉంటుంది. దుంపేమో హైదరాబాదు పెద్ద హోటళ్లలో సూపుకు పోతుందట. తోటల ఆఫీసు చంద్రకళ మేడం ఊటీ నుంచి నారు తెప్పించి, ఆ ఏడు చలికాలం రెండే ఇళ్లకు ఇచ్చింది. ఒకటి పుష్పాబాయి ఇల్లు, రెండోది పక్క మండలం అనంతగిరిలో ఎవరిదో.

"ఈ పంట నాకూ కొత్తే. ఎవరి పెరట్ల దుంప మంచిగ ఊరితే వాళ్లకే నర్సరీల మాలి పని" అని చెప్పిపోయింది మేడం.

ఆ పని రావాలని పుష్పాబాయి మొక్కని దేవుడు లేడు. లారీ బోల్తాపడి మొగుడు జవహర్ కాలు విరిగి ఏడు నెలలైంది. ఆమె కూలికి పోయిన రోజు పొయ్యి వెలుగుతుంది, పోని రోజు లేదు. అందుకే మక్కకూ పసుపుకూ చేసినట్టే, వారం తప్పకుండా మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోస్తూ వచ్చింది. పని తెలిసిన రైతు ఎవరైనా అదే చేస్తాడు.

"ఎగదొయ్యకు బిడ్డా. ఇది పసుపు లెక్క కాదు. దుంప సగం పైకి తేలాలె. పక్క వేర్లు తెంపు, కింది ఆకులు ఇరువు. సాగర్ డ్యాంకాడ తెల్లదొరల బంగ్లల ఇదే పని చేసిన నేను."

"దొరల కాడ చేసినోనికి మా తండాల ఏం పని? నా పంట ఖరాబు చెయ్యమని ఆ అనంతగిరోళ్లు పంపిన్రా?"

పెద్దాయన ముఖం చిన్నబోయింది.

"నన్నెవరూ పంపలే" అన్నాడు నెమ్మదిగా. వసారాలో మంచం మీదున్న జవహర్ వైపు చూశాడు. "కాలిరిగి ఎన్నాళ్లాయె?"

"నీకెందుకు? లే, నడువు."

నీళ్లు కూడా తాగకుండానే వెళ్లిపోయాడు.

పుష్పాబాయి మట్టిని మళ్లీ ఎగదోయబోతుంటే జవహర్ పిలిచాడు.

"ఆగు. ఆ ఒక్క సాలు అట్లనే ఉంచు. ఏమైతదో సూద్దాం."

"ఏమైతది, ఎండుతది."

"ఎండితే నన్ను తిట్టు."

మొగుణ్ణి తిట్టే అవకాశం ఎవరు వదులుకుంటారు? ఆమె ఊరుకుంది.

మూడు వారాలు తిరిగేసరికి తిట్టడానికి నోరు రాలేదు. మిగతా సాళ్లలో మట్టి కింద వేర్లే వేర్లు. ఆ ఒక్క సాలులో మాత్రం దుంపలు పిడికిలంత తేలాయి. ఆ రోజు కూలి మానేసి మడంతా మట్టి తీసింది, వేర్లు తెంపింది, కింది ఆకులు విరిచింది. ఆ తర్వాత బస్సు ఆగినప్పుడల్లా రోడ్డు వైపు చూసింది. ఆయన రాలేదు.

"చెంబెడు నీళ్లన్న ఇయ్యకపోతి" అని జవహర్ దగ్గర ఎన్నిసార్లు ఏడ్చిందో.

ఫిబ్రవరిలో చంద్రకళ మేడం వచ్చింది. ఒక దుంప పెరికి, కోసి చూసింది. లోపల తెల్లగా, గట్టిగా ఉంది.

"ఒకటో తారీఖు నుంచి నర్సరీకి రా పుష్పా."

జవహర్ కర్ర పట్టుకుని మంచం దిగాడు. పుష్పాబాయికి కాళ్లు నేల మీద ఆగలేదు. అయినా అనుమానం తీరలేదు.

"అనంతగిరోళ్లయి నా కంటె మంచిగ రాలేదా మేడం?"

"రాకేం? అనంతగిరి మైసయ్య దుంపలు నీ వాటికంటే పెద్దవి. కానీ పోయిన నెలే పేరు కొట్టేయించుకున్నాడు. ఇప్పుడు మిర్యాలగూడ రైసుమిల్లులో బస్తాలు మోస్తున్నాడట, ఆ వయసులో."

"అయ్యో, గట్లెందుకు చేసిండు మేడం?"

"నేనూ అదే అడిగాను. 'కోదాడ తండాల ఆ బిడ్డకు మట్టి తీసుడు చూపించొచ్చిన, ఇగ ఆమె చేసుకుంటది, ఆ నౌకరి నా కంటె ఆ ఇంటికే అవసరం' అన్నాడు."