అభ్యంతరాల గడువు

నోటీసు అంటించిన మూడో రోజున ఆవిడ మొదటిసారి ఆఫీసు కిటికీ దగ్గరికి వచ్చింది.

"మా అమ్మాయి కాగితం బాబూ. ఎవరైనా అభ్యంతరం చెప్పారా?"

గుమాస్తా బోర్డు వైపు చూశాడు. ఇరవై ఆరేళ్ల పిల్ల. బళ్లో టీచరు. మతం మారుతున్నట్టు దరఖాస్తు ఇచ్చింది. నచ్చిన మతాన్ని నమ్ముకునే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. ఆ హక్కు చేతికందాలంటే నోటీసు పదిహేను రోజులు బోర్డు మీద ఉండాలి. ఎవరూ కాదనకపోతే అధికారి సంతకం పెట్టి ధ్రువపత్రం ఇస్తారు.

"ఎవరూ చెప్పలేదమ్మా."

ఆవిడ గట్టిగా ఊపిరి వదిలింది. గుమాస్తాకి జాలేసింది.

"మీరే రాసివ్వొచ్చు. తల్లి మాటకి విలువుంటుంది."

"నేనెందుకు రాస్తాను? దాని ఇష్టం. ఇంకా ఎన్ని రోజులు?"

"పన్నెండు."

ఆవిడ బెంచీ మీద కూలబడింది.

మర్నాడు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. అవే రెండు ప్రశ్నలు.

"వచ్చారండీ మీ అత్తగారు. అల్లుణ్ని చూడందే పొద్దు గడవదు కాబోలు," అని టైపిస్టు ఆటపట్టించేది.

గుమాస్తాకి నవ్వు రాలేదు. అతనికీ కూతురుంది.

"కూర్చోబెట్టి నెమ్మదిగా మాట్లాడండమ్మా," అన్నాడోసారి.

"రోజూ మాట్లాడుతూనే ఉన్నాను బాబూ. పలకదు."

ఎంత మొండిఘటమో అనుకున్నాడు.

పదహారో రోజున ఫైలు అధికారి బల్ల మీదికి వెళ్ళాలి. గుమాస్తా దాన్ని బీరువాలో అన్నిటికన్నా అడుగున పెట్టాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఫైలు తొక్కిపెట్టడం అదే మొదలు.

"సంతకానికి ఇంకో వారం పడుతుందమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "ఈలోగా పిల్ల మనసు మారినా మారొచ్చు."

ఆవిడ కిటికీ ఊచ పట్టుకుంది. ఒక తల్లికి మేలు చేశానన్న తృప్తితో గుమాస్తా ఆ పూట కడుపునిండా తిన్నాడు.

వారం తర్వాత అధికారి సంతకం పెట్టారు. ఇంటివాళ్ళెవరైనా తీసుకోవచ్చు. ఆవిడే వచ్చింది. రిజిస్టరులో సంతకం చేసి, ఎదురుగా 'తల్లి' అని రాసింది.

"ఏం చేస్తామమ్మా. నా శాయశక్తులా ఆపి చూశాను. మతం మారితే మాత్రం మీ పిల్ల మీ పిల్ల కాకుండా పోతుందా?"

ఆవిడ తలెత్తింది.

"మీరా ఆపింది?"

"మీ బాధ చూడలేకే కదమ్మా."

కాగితం మీద పడ్డ కన్నీటిబొట్టుని ఆవిడ అక్షరాలు చెదరకుండా అద్దింది.

"మనిషి లేదని తెలిస్తే ఫైలు మూసేస్తారని చెప్పలేదు గానీ, ఈ కాగితం లేనిదే అది చేరిన మతంవాళ్ళు తమ శ్మశానంలో చోటు లేదన్నారు, దరఖాస్తు ఇచ్చినవేళే ఇక్కణ్నుంచి వెళ్తూ లారీ కింద పడ్డ పిల్ల ఇరవై రెండు రోజులుగా శవాగారంలోనే ఉంది బాబూ."