తిన్నావా అని అడిగే పెట్టె

మా ఊళ్లో ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ఒక నొప్పుల పెట్టె ఉంటుంది. దాని మీద చేయి పెడితే ఒంట్లో ఎక్కడ నొప్పో తనే కనిపెట్టి మాత్ర జారుస్తుంది. జార్చే ముందు మాత్రం, "అన్నం తిన్నావా అమ్మా?" అని అడుగుతుంది.

నా భార్య అంకమ్మ తెల్లవారకముందే మిరపకోతకు పోయేది. మోకాళ్లు లేవనిచ్చేవి కావు. పరగడుపునే పెట్టె ముందు నిలబడి, "తిన్నా నాయనా" అనేది.

"దాంతో కూడా అబద్ధమెందుకే?" అన్నాను ఒకసారి.

"అడిగినోళ్లకి తిన్లేదంటే, పెట్టమన్నట్టుండదూ? సిగ్గులేదా నీకు?" అని నవ్వింది.

కడుపులో మంటంటే మిరప ఘాటు అనుకున్నాం. మొన్న కోతల్లో చేలోనే నెత్తురు కక్కుకుంది. రోజూ ఖాళీ కడుపున వేసిన మాత్రలకు లోపల పుండుపడి చిల్లుపడిందని ఆసుపత్రిలో చెప్పారు. మనిషి మళ్లీ ఇంటికి రాలేదు.

పెద్దకర్మ అయ్యాక పెట్టెల కంపెనీ అమ్మాయి వచ్చింది.

"ఆమె రోజూ తిన్నాననే చెప్పింది తాతా. పెట్టె తప్పేముంది?"

"మా ఊళ్లో ఎవర్నడిగినా తిన్నామనే అంటారు. మనిషైతే ఆ మాట నమ్మడు. కంచం పెట్టి కూర్చోబెడతాడు" అన్నాను.

కొత్త పెట్టె కడుపులోకి కూడా చూస్తుందనీ, నాకొకటి ఊరికే బిగిస్తాననీ అంది ఆ పిల్ల.

పాతది కూడా పీక్కుపొమ్మన్నాను. ఆమె మేకులు తీసేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాను. నా మోకాళ్లూ నొప్పెడుతున్నాయి. నొప్పెట్టనీ.