పెళ్లిపీటలకు చిత్రిక

పెళ్లి ఆదివారం. శుక్రవారం సాయంత్రానికి కూడా పెళ్లిపీటలు గరాజ్‌లో గరుకుగానే పడున్నాయి. ధర్మారావు మాత్రం సోఫాలో కూర్చుని, గడ్డం మనిషెవరో చెక్క మీద చిత్రిక పడుతుంటే ఆ వీడియో చూస్తున్నాడు.

చిత్రిక ముందుకు తోయగానే చెక్క మీంచి ఉల్లిపొరలాంటి పొర లేచి, చుట్టుకుని కింద పడింది. ధర్మారావు వీడియోని వెనక్కి జరిపి మళ్ళీ చూశాడు.

"నాన్నా, అది నిన్న కూడా చూశావ్," అంది హంసిక. పూలవాళ్ళతో, వంటవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ కూతురి గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"నిన్న చూసింది వేరే కంపెనీది."

గుడిలో పీటలు అద్దెకిస్తారు. వాటితో ఎవరికీ పేచీ లేదు. "మనింటి పెళ్లికి అద్దె పీటలేమిటి, నా చేత్తో నేనే చేస్తాను," అని ఉజ్వల ముందు గొప్పగా అనేసింది ధర్మారావే. అన్నాక మేపుల్ చెక్క తెచ్చాడు, కోశాడు, కాళ్ళు బిగించాడు. తీరా నునుపు చేసే దగ్గరకొచ్చేసరికి బండి ఆగిపోయింది. నునుపు చేయాలంటే చిత్రిక కావాలి. చిత్రిక కొనాలంటే ఏదో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోవడమంటే ధర్మారావుకి ప్రాణసంకటం.

ఆష్‌బర్న్‌లో అతను పనిచేసే డేటా సెంటర్‌లో సర్వర్ పడిపోతే, అరక్షణంలో నిర్ణయం తీసుకుంటాడని పేరు. ఇంటికొస్తే టూత్‌పేస్ట్‌కి కూడా రివ్యూలు చదువుతాడు. మంచి పరుపేదో తేల్చుకునేలోగా నేల మీద పడుకుని నడుము పట్టేసిన ఘనుడు. ఆ సంగతి అతనే అందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. మారడం మాత్రం మారడు.

చిత్రికల్లో పేరున్నది కొత్తది కొందామంటే, ఆ ధరకి పీటలేం ఖర్మ, సోఫాయే వస్తుంది. చవకది కొంటే అడుగు సమంగా ఉండదట, చెక్కని దున్నిపారేస్తుందట. పాతది కొంటే తుప్పు వదిలించి, బ్లేడు నూరుకోవాలట. ఈ 'అట'ల మధ్య చలికాలమంతా గడిచిపోయింది. శాండ్‌పేపర్ పెట్టి రుద్దేయమని హంసిక ఒకసారి సలహా ఇచ్చింది. ఆ రోజంతా ఆయనగారు ఆమెతో మాట్లాడలేదు.

ఫోన్ మోగింది. ఉజ్వల.

"పీటలు ఎంతవరకు వచ్చాయండీ?"

"అయిపోవచ్చాయి," అన్నాడు ధర్మారావు, వీడియో గొంతు నొక్కేస్తూ.

"గరుకు లేకుండా చూడండి. పట్టుచీర పోగు లేచిందంటే పెళ్లయ్యేదాకా నా ధ్యాసంతా దాని మీదే ఉంటుంది. పోనీ గుడి పీటలకి చెప్పేయనా?"

"వద్దొద్దు. రేపటికి రెడీ."

ఫోన్ పెట్టేశాక అతనికి భయమేసింది. ఇంత చిన్న మాట కూడా నిలబెట్టుకోలేనివాడు ఇంకేం నిలబెట్టుకుంటాడని ఉజ్వల అనుకుంటే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శనివారం పొద్దున్నే హంసిక అతన్ని కారెక్కించి పాత సామాన్ల సంతకి తీసుకెళ్ళింది. ఒక బల్ల మీద ఇనుప చిత్రిక కనిపించింది. చెక్క పిడి, అక్కడక్కడా తుప్పు. ధర్మారావు దాన్ని తిరగేసి, అడుగున స్టీలు స్కేలు ఆనించి, వెలుతురుకి ఎత్తి పట్టుకుని, ఒంటికన్నుతో చూశాడు. సమంగానే ఉంది. అతనికి అదీ అనుమానంగానే అనిపించింది.

"రిటర్న్ పాలసీ ఉందా?" అని అడిగాడు.

అమ్మే పెద్దాయన కాఫీ తాగడం ఆపి అతన్ని ఎగాదిగా చూశాడు.

"పాతది కదమ్మా," అని కూతురి చెవిలో గొణిగాడు ధర్మారావు. "పక్క వరసలో ఇంకా మంచిది ఉంటుందేమో."

"కొంచెం రస్ట్, అంతే కదా? తోమితే పోతుంది. నువ్వెప్పుడూ ఇంతే నాన్నా. బాగున్నది ఎదురుగా ఉంటే కూడా ఏళ్ళకేళ్ళు థింక్ చేస్తూ కూర్చుంటావ్."

అతను నోరు తెరిచేలోగా ఆమె డబ్బులిచ్చేసింది.

మధ్యాహ్నం గరాజ్‌లో తుప్పు తోమి, బ్లేడు నూరి, మొదటిసారి చిత్రిక పట్టాడు. చెక్క పెచ్చు లేచింది. "బాబోయ్, వీడియోలో ఇలా లేదే," అనుకుంటూ బ్లేడు కాస్త లోపలికి జరిపి, చెక్కని అటుది ఇటు తిప్పి తోశాడు. సర్రుమని పొర లేచింది, పల్చగా, పొడుగ్గా. దాన్ని వేలికి చుట్టుకుని ఇంట్లోకి పరిగెత్తుకెళ్ళి హంసికకి చూపించాడు. మళ్ళీ వచ్చి రెండో పొర తీశాడు. దాన్నీ చూపించాడు.

చీకటి పడేసరికి రెండు పీటలూ అద్దాల్లా అయ్యాయి. హంసిక తన పట్టు చున్నీ తెచ్చి వాటి మీద ఈ చివర నుంచి ఆ చివరకి లాగింది. ఒక్క పోగూ లేవలేదు. ధర్మారావుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెక్క పొడి పడిందన్నాడు.

ఆదివారం ఇంటి వెనక పచ్చిక మీద పందిరి, దాని కింద పీటలు. పురోహితుడు ఒక పీట మీద అరచేయి రాసి చూసి, "భలే ఉన్నాయే, ఎక్కడ కొన్నారు?" అన్నాడు. ఈ ప్రశ్న కోసమే ధర్మారావు చలికాలం నుంచి కాచుకుని ఉన్నాడు. తీరా అడిగేసరికి పీట మీద లేని దుమ్ము తుడుస్తూ ఉండిపోయాడు.

"ముహూర్తం దగ్గర పడుతోంది. పెళ్లికొడుకుని కూర్చోమనండి," అన్నాడు పురోహితుడు.

హంసిక తండ్రి బుగ్గన చుక్క పెట్టి, నుదుట బాసికం కట్టి, "వెళ్ళు నాన్నా, ఉజ్వల ఆంటీ వెయిట్ చేస్తోంది, ఇప్పుడు మళ్ళీ రివ్యూలు చదవకు," అంటూ అతన్ని పీట వైపు మెల్లిగా తోసింది.