ఒక్క పోటు

వాడి పారేసిన మందు సీసాలను ముసలాయన సంచిలో వేసుకోవడం కావ్య కళ్లారా చూసింది.

పిల్లల వార్డులో ఆమె నర్సుగా చేరి నెల కాలేదు. అతన్ని మాత్రం రోజూ చూస్తోంది. వార్డు బయట బెంచీ మీద ఉంటాడు. అడిగినవాళ్లకు స్కానింగ్ గది చూపిస్తాడు, పాలు తెచ్చిపెడతాడు. ఎవరి తరఫు మనిషివని అడిగితే తల దించుకుంటాడు.

కరీంనగర్‌లో ఆసుపత్రులకూ కొదవ లేదు, వాటి బెంచీల మీద కూర్చునేవాళ్లకూ కొదవ లేదు. అందుకే ఎవరూ పట్టించుకోలేదు.

"గా సీసలెందుకు తాతా?" అని నిలదీసింది.

అతను ఒక చిన్న గాజుసీసా తీసి చూపించాడు. అందులో నీళ్లు సున్నం కలిపినట్టు తెల్లగా ఉన్నాయి.

"పత్తికి రెండు మందులు కలిపి కొట్టాలంటే ముందుగాల చెంబుల కలిపి చూస్తరు బిడ్డా. విరిగితే కొట్టరు. గివి గూడ గంతే. గీ ఇన్ఫెక్షన్ సూది తేటగనే ఉంటది, క్యాల్షియం సూదీ తేటనే. రెండు కలిస్తే గిట్ల తెల్లగైతది. పసిపిల్ల నరంలకు పోతే పానం తీస్తది."

పత్తికి మందు కొట్టే కూలీ తనకు పాఠం చెప్పడమా? మూడేళ్లు చదివిన కావ్యకు ఒళ్లు మండింది. గేటు దగ్గరి కాపలాదారు సాయిచంద్‌ను పిలిచింది.

సాయిచంద్ సంచి వెతికాడు. ఖాళీ సీసాలు, ఒక పాత స్టెతస్కోపు. అది కూడా ఎక్కడో కొట్టేసిందే అనుకున్నారు. సంచి లాక్కుని బయటికి పొమ్మన్నారు.

ముసలాయన ఆ చిన్న సీసాను మాత్రం వార్డు కిటికీలో పెట్టి, ఉండనియ్యమని కావ్యకు దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే నర్మద పదిహేను రోజుల పాపతో వచ్చింది. పాప ఒళ్లు కాలిపోతోంది. నాలుగు చోట్ల పొడిస్తే గానీ నరం దొరకలేదు. డాక్టరు రాసిన ఇన్ఫెక్షన్ మందు చుక్కచుక్కగా ఎక్కుతోంది. గంటకు డ్యూటీ మారి వచ్చిన ఇంకో డాక్టరు, రక్తపరీక్ష చూసి క్యాల్షియం రాశాడు.

నర్మద కావ్య చెయ్యి పట్టుకుంది.

"ఇంకోసారి పొడవకు అక్కా. జర ఉన్న సూదిలకెల్లే ఇయ్యి."

కావ్యకు జాలేసింది. సరేనంది. సిరంజి నింపింది. ట్యూబుకు ఆనించబోతూ తలెత్తింది.

కిటికీలో తెల్లటి సీసా.

చెయ్యి ఆగింది. రెండు మందుల సీసాల అడుగున మిగిలిన చుక్కలను ఖాళీ సిరంజిలో కలిపి చూసింది. తేట నీళ్లు ఆమె కళ్ల ముందే తెల్లబడ్డాయి.

పరుగున వెళ్లి పెద్ద డాక్టరు జ్యోతిరాణిని పిలుచుకొచ్చింది. ఆమె ఎక్కుతున్న మందు ఆపించి, వేరే మందు రాసింది. చంటిపిల్లలకు ఆ రెండూ పడవని, కలిపి ఇచ్చి ఉంటే పాప దక్కేది కాదని చెప్పి, కావ్యను మెచ్చుకుంది.

ఆ మెచ్చుకోలు కావ్యకు చెంపదెబ్బలా తగిలింది. గేటు దగ్గరికి ఉరికింది. ముసలాయన హుజూరాబాద్ బస్సెక్కి పోయాడని సాయిచంద్ చెప్పాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ బెంచీ ఖాళీయే.

మూడో రోజు పాప పాలు తాగింది. చూడటానికి వచ్చిన నర్మద తల్లి రాజక్క, గేటు దగ్గరి సంచిని గుర్తుపట్టి, వార్డులోకి రాగానే ఆ సంచి ఇక్కడికి ఎట్లా వచ్చిందని అడిగింది.

"పత్తికి మందు కొట్టే కూలీ తాతది. నీకు ఎరుకేనా?" అంది కావ్య ఆత్రంగా.

"కూలీ గాదు బిడ్డా. మా ఊరి ఆర్ఎంపీ డాక్టర్ రాయమల్లు. ఇరవై ఏండ్లు ఊరందరికి సూదులేసిండు. మూడేండ్ల కింద బంద్ జేసి, ఇల్లిడిచి పోయిండు."

"ఎందుకు?"

రాజక్క ఒడిలోని పాపను దగ్గరికి పొదువుకుని, గొంతు తగ్గించి చెప్పింది.

జ్వరంతో ఏడుస్తున్న ఇరవై రోజుల సొంత మనవరాలిని రెండుసార్లు పొడవడానికి మనసొప్పక, ఆ రెండు మందులనూ ఒకే సూదిలో ఎక్కించినవాడు ఆయనే.